మూసీ నీళ్ళూ, మా సంఘమూ

పర్యావరణం అనే మాట నేను మొట్టమొదట పాఠ్యపుస్తకంలో చదివాను. మా ఊళ్ళో ఆ మాట ఎవరూ వాడరు. నీళ్ళంటారు, నేలంటారు, పురుగు పట్టిందంటారు, గాలి మారిందంటారు. ఇవన్నీ కలిపి ఒక్క మాటలో చెప్పుకోవలసిన అవసరం మా వాళ్ళకు ఎన్నడూ రాలేదు. కాలేజీకి వచ్చాకనే తెలిసింది, ఆ ఒక్క మాట మీద బతికే ఉద్యోగాలున్నాయని, ఆ ఉద్యోగులందరికీ ఒక సంఘముందని, అందులో విద్యార్థులకు సైతం సభ్యత్వం ఇస్తారని. 2024 జూన్‌లో నేను చేరాను. ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో చూసినవీ విన్నవీ మన సంచికలో నాలుగు పేజీలు రాయమని సంపాదకవర్గం వారు అడిగితే సరేనన్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో మూసీ కాలువ కింద ఒక పల్లె. నాలుగెకరాల మడి. చుట్టుపక్కల చెరువు కింద సాగు చేసేవాళ్ళు వాన కోసం ఆకాశం వంక చూస్తారు. మేం చూడం. ఎండాకాలంలోనూ మా కాలువ పారుతుంది. పిల్లనిచ్చేటప్పుడు "వాళ్ళది మూసీ కింది పొలం" అంటే ఒకప్పుడు అదొక గొప్ప. ఇప్పుడూ గొప్పే, కాకపోతే అన్నవాడు ఒకసారి ముక్కు మూసుకుంటాడు.

ఈ నీళ్ళు ఎక్కడివి? మూసీ వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు మధ్యనుంచి పారి, నల్లగొండ జిల్లాలో వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు వరదల తర్వాత విశ్వేశ్వరయ్యగారి సలహా మేరకు నగరానికి ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. కొండల నుంచి వచ్చే నీరు చాలావరకు అక్కడే ఆగిపోతుంది. మరి ఎండాకాలంలో మా మడికి పారేదేమిటి? నగరం వాడి వదిలేసిన నీరు. ఇంటికి వంద లీటర్ల మంచినీళ్ళు ఇస్తే అందులో ఎనభై లీటర్లు మురుగై తిరిగి వస్తుందని ఇంజనీర్లు లెక్క కడతారు. హైదరాబాదుకు మంజీర నుంచి, కృష్ణ నుంచి, గోదావరి నుంచి గొట్టాలలో నీళ్ళు వస్తాయి. అంటే మా నాలుగెకరాలకు మూడు నదుల నీళ్ళు అందుతున్నాయన్న మాట. నగరం కడుపులోనుంచి రావడమొక్కటే తేడా!

అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్లు, నాగోలులో 172 మిలియన్ లీటర్లు శుద్ధిచేసే కేంద్రాలున్నాయి. 2021లో మరో 31 కేంద్రాలు మంజూరయ్యాయి. అయినా ఏళ్ళ తరబడి మురుగు ముందు నడుస్తోంది, శుద్ధి వెనక నడుస్తోంది.

ఇదంతా నాకు సంఘంలో చేరకముందు తెలియదు. మా నాయినకు తెలిసింది ఒక్కటే: నీళ్ళొస్తున్నయి.

సంఘం మీటింగులు ప్రతినెలా రెండో శనివారం సాయంత్రం. అద్దె హాలు, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. నీటిశాఖలో రిటైరైన ఇంజనీర్లు, ఫ్యాక్టరీల్లో వ్యర్థజలాల ప్లాంట్లు నడిపే కెమిస్టులు, రిపోర్టులు తయారుచేసే కన్సల్టెంట్లు, భూగర్భజలాల వాళ్ళు, ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు వస్తారు. విద్యార్థి సభ్యులం వెనక వరసలో కూర్చుంటాం. మొదటి అరగంట గత మీటింగు మినిట్సుకు, కోశాధికారి లెక్కలకు పోతుంది. చాయ్ ఖర్చు మీద జరిగినంత వేడి చర్చ కాలుష్యం మీద జరగ్గా మొదటి రెండు నెలల్లో నేను చూడలేదు. జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవం జరిపారు. ఆ ఏడాది విషయం బీడుపడిన నేలల పునరుద్ధరణ, కరువును తట్టుకోవడం. ఉపన్యాసం బాగుంది. నాటిన మొక్కలకు నీళ్ళెవరు పోస్తారన్నది ఎవరూ అడగలేదు. రైతుబిడ్డను గనక నాకు ఆ ప్రశ్న వచ్చింది, చిన్నవాణ్ణి గనక ఊరుకున్నాను.

ఆగస్టు మీటింగు మాత్రం నన్ను కుదిపింది. నీటి ప్రమాణాల మీద ఒక పెద్దాయన ప్రసంగించారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని వాడుకను బట్టి ఏ నుంచి ఈ వరకు ఐదు తరగతులు చేసింది. స్నానానికి పనికొచ్చే బి తరగతి నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీఓడీ 3కు మించకూడదు, కోలిఫారం లెక్క కూడా ఉంది. చిట్టచివరి ఈ తరగతి సాగునీటిది. దానికి ఉప్పు చూస్తారు: విద్యుద్వాహకత 2250 మైక్రోమోలకు మించకూడదు, సోడియం నిష్పత్తి 26కు, బోరాన్ 2 మిల్లీగ్రాములకు మించకూడదు. క్రిముల ఊసు లేదు. యంత్రాలను చల్లబరచే నీళ్ళు కూడా ఇదే తరగతి.

నేను లేచి నిలబడ్డాను. "సార్, ఆ నీళ్ళలో రోజంతా నిలబడేవాడిది ఏ తరగతి?" అని అడిగాను.

హాల్లో కొంచెం నవ్వు వినిపించింది. పెద్దాయన నవ్వలేదు. "మంచి ప్రశ్న" అని, కాసేపాగి చెప్పారు. 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మురుగునీటి సాగుకు సూచనలు చేసిందట. లీటరు నీటిలో నులిపురుగుల గుడ్డు ఒకటికి మించకూడదు. పచ్చిగా తినే పంటలైతే వంద మిల్లీలీటర్లకు కోలిఫారం వెయ్యికి మించకూడదు. "మన ఈ తరగతి పంటను, నేలను దృష్టిలో పెట్టుకుని రాసింది బాబూ. మనిషి కాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు" అన్నారు. యంత్రానికి కాళ్ళుండవు. మా నాయినకు ఉన్నాయి, మా అమ్మకూ ఉన్నాయి. ఆ రాత్రి హాస్టలుకు నడిచి వస్తుంటే ఇదే తలలో తిరిగింది.

సెప్టెంబరులో నిమజ్జనానికి ముందూ తర్వాతా హుస్సేన్‌సాగర్ నీళ్ళు పట్టాం. విగ్రహాల నిమజ్జనంపై 2020లో సవరించిన మార్గదర్శకాలున్నాయి, వాటి మీద చర్చ జరిగింది. ఆ పనిలో నాకు ఒక కెమిస్టు మేడంగారితో పరిచయమైంది. 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాకు బుడగ చేరకుండా బిరడా పెట్టడం ఆవిడే నేర్పారు. మన ప్రాక్టికల్సులో నెల రోజులు చేసినా చేతికి రాని పని ఆవిడ చెంత గంటలో వచ్చింది. ఆవిడ ఒక ప్రైవేటు లేబరేటరీలో పనిచేస్తారు. శాంపిళ్ళు పంపేది ఫ్యాక్టరీలే, డబ్బు కట్టేదీ ఫ్యాక్టరీలే. "మరి మేడం, రిపోర్టు వాళ్ళకు నచ్చకపోతే?" అని అడిగాను. "డబ్బు వాళ్ళు ఇస్తారు. సీసాలో రంగు మాత్రం ఎవరి మాటా వినదు" అన్నారు. ఆ మాట నా రికార్డు పుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకున్నాను.

నవంబరులో క్షేత్ర పర్యటన మూసీ మీద పెట్టించాం. పెట్టించాం అంటున్నాను, ఎందుకంటే అడిగింది మేం విద్యార్థి సభ్యులమే. ఒక ఆదివారం, ఒక మినీ బస్సు, నాలుగు చోట్లు: గండిపేట, నాగోలు దిగువ, ప్రతాపసింగారం దగ్గర, చివరికి మా ఊరు.

వింక్లర్ పరీక్ష మన సైన్సు విద్యార్థులకు తెలిసిందే. 1888 నాటి పద్ధతి, ఇప్పటికీ దాన్ని మించిన సులువైనది లేదు. సీసా నిండా నీళ్ళు పట్టి మాంగనీసు సల్ఫేటు, క్షార అయోడైడు వేస్తే, నీటిలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు అవక్షేపం వస్తుంది. లేకపోతే తెల్లగా ఉంటుంది. బ్యూరెట్టు దాకా పోనవసరం లేకుండానే కంటికి సంగతి తెలిసిపోతుంది. గండిపేట సీసా చిక్కని గోధుమరంగుకు తిరిగింది. నాగోలు సీసాలో పాలు విరిగినట్టు తెల్లగా దిగింది. ఊపి చూశాం, మళ్ళీ తెల్లగానే దిగింది. ఆ నీటిలో చేప బతకడానికి ఒక్క ఊపిరి కూడా లేదన్న మాట. అక్కడే ఒడ్డున బర్రెల కోసం పచ్చగడ్డి కోస్తున్న ఆడవాళ్ళున్నారు. మోకాలి లోతు నీళ్ళలో ఉన్నారు. ప్రతాపసింగారం దగ్గర కూడా తెలుపే. మా ఊరి కాలువ సీసా మాత్రం లేత గోధుమరంగుకు తిరిగింది. బస్సులో వాళ్ళందరూ నా వంక చూశారు, అదేదో నా గొప్పతనమైనట్టు!

మా నాయిన మడిలోంచి కాళ్ళు కడుక్కోకుండానే వచ్చాడు. "ఏం జూస్తున్రు సారూ గా సీసల?" అన్నాడు. రిటైర్డు ఇంజనీరుగారు చెప్పారు. నాయిన విని, "గది మాకు ఎర్కే. కత్వ కత్వకు నురుగు లేస్తది, కత్వ ఎనుక నీళ్ళు నిలబడి మడ్డి దిగుతది. గిట్ల ఎన్ని కత్వలు దాటితే గంత నయం. ఉప్పల్ కాడ నీళ్ళు పెడితే నారు మాడుతది, మా కాడికొచ్చెటాల్లకు జర మనిషైతది" అన్నాడు. మూసీకి అడ్డంగా పూర్వకాలం నుంచి కట్టిన ఆనకట్టలను మా దగ్గర కత్వలంటారు. ఇంజనీరుగారు జేబులోంచి పుస్తకం తీసి ఆ మాటలు రాసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చెప్పారు: మూసీ సాగు మీద అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు 2000 తర్వాత చాలా పని చేశారట. కత్వలు దాటే కొద్దీ నీటి నాణ్యత మెరుగవుతుందని వాళ్ళూ కొలిచి చూపారట. ఆ పరిశోధనల్లోనే ఈ నీటితో సాగుచేసే కుటుంబాల్లో కొంకి పురుగు, ఏలిక పాముల బాధ ఎక్కువని కూడా తేలిందట.

ఒక విషయం మాత్రం కత్వలకు లొంగదు. నీటిలో కరిగిన ఉప్పు మడ్డితో దిగదు. విద్యుద్వాహకత మీటరు నాగోలు దగ్గర ఎంత చూపిందో మా ఊళ్ళో దాదాపు అంతే చూపింది. మా చేను బోరు నీళ్ళు చాయ్‌కి పనికిరాకుండా పోయి చాలా ఏళ్ళయింది. కారణం ఇదేనని ఆ రోజు అర్థమైంది. మా నాయనమ్మ మూసీ ఇసుకలో చెలిమె తోడి కడవతో నీళ్ళు తెచ్చిందట. అది చూసింది ఆమె. చూడనిది నేను. మధ్యలో నాయిన రెండూ చూశాడు.

జనవరిలో పర్యావరణ ప్రభావ అంచనా మీద ఒకరోజు శిక్షణ. 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెప్పారు. ప్రజాభిప్రాయ సేకరణ జరగాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రిపోర్టు సారాంశం ఇంగ్లీషులోనూ, స్థానిక భాషలోనూ ఉండాలి. ఈ రెండో నియమం దగ్గర నా కలం ఆగింది. ఫ్యాక్టరీ పెట్టేవాడే ఊరివాళ్ళ భాషలో సారాంశం ఇవ్వాలని చట్టం చెబుతుంటే, ఫ్యాక్టరీ పెట్టని మేం మా పరీక్షల ఫలితాలు ఏ భాషలో ఇస్తున్నాం? ఎవరికిస్తున్నాం? మా సంఘం వార్షిక నివేదిక ఇంగ్లీషులో అచ్చయి సభ్యులకు పోస్టులో పోతుంది. అందులో మా ఊరు "నాలుగో స్టేషను".

మార్చిలో సర్వసభ్య సమావేశం. సెక్రటరీగారు నివేదిక చదివారు: పది మీటింగులు, ఆరు ప్రసంగాలు, ఒక శిక్షణ, ఒక పర్యటన. నేను తీర్మానం కాగితం పట్టుకుని లేచాను. మూసీ పర్యటన ఫలితాలను ఒక పేజీ తెలుగులో రాసి ఆ ఊళ్ళలో పంచాలని కోరాను. మేడంగారు బలపరిచారు.

అభ్యంతరాలు వచ్చాయి. తేలిగ్గా తీసెయ్యదగినవి కావు. ఒకాయన అన్నారు: ఇవి గుర్తింపు పొందిన లేబరేటరీ ఫలితాలు కావు, ఒక్క రోజు పట్టిన నీళ్ళు, రేపు ఎవరైనా కోర్టుకెక్కితే సంఘం నిలబడలేదు. ఇంకొకాయన అన్నారు: "బాబూ, నీ కాగితం చదివి మిల్లువాడు మూసీ వడ్లకు ధర తగ్గిస్తే ఏం చేస్తావ్? మీ నాన్ననే ముంచుతావ్." హాలు నిశ్శబ్దమైంది.

ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. వారం ముందే నాయినను ఫోనులో అడిగాను. ముందు కోపగించుకున్నాడు. "గా కాయితం ఊర్ల అంటిస్తే మా వడ్లు ఎవడు కొంటడు బిడ్డా? నీ ఫీజు గా వడ్లే కడుతున్నయి" అన్నాడు. ఫోను పెట్టేశాడు. రాత్రి తొమ్మిదికి తనే చేశాడు. "జూడు. మీరు నీళ్ళు జూసిన్రు, నీళ్ళ సంగతి రాయున్రి. వడ్ల సంగతి రాయాల్నంటె వడ్లు పరీక్ష జేసి రాయున్రి. జూడని దాన్ని జూసినట్టు రాయకున్రి. నీళ్ళు మంచియి గావని మాకు ఎర్క లేదా? గాని ఆ నీళ్ళల్ల ఉంటే ఏం జేసుకోవాలె, గది రాయి. మీ అమ్మ కాళ్ళు జూసినవా?" అన్నాడు.

ఆ మాటలే సమావేశంలో నాకు తోచిన తెలుగులో చెప్పాను. కాగితంలో వడ్ల గురించి ఒక్క మాట ఉండదు, ఎందుకంటే వడ్లను మేం పరీక్షించలేదు. నీళ్ళు ఏ రోజున పట్టామో, ఏ పరీక్ష చేశామో ఉంటుంది. మిగతా అంతా మనుషుల ఒంటి గురించి ఉంటుంది. చేతులెత్తమన్నారు. ఎత్తిన చేతులే ఎక్కువయ్యాయి. మిల్లు సంగతి లేవదీసిన పెద్దాయన కూడా చివర్లో చెయ్యెత్తారు.

ఒక పేజీ రాయడానికి మూడు వారాలు పట్టింది. "కొంకి పురుగు పిల్లలు అరికాళ్ళ చర్మం గుండా లోపలికి పోతాయి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి, నీరసం వస్తుంది" అని రాశాం. మడిలోంచి వచ్చాక సబ్బుతో కాళ్ళు కడగమని, పిల్లల్ని కాలువలో ఆడనివ్వవద్దని, ఆకుకూరలు ఉడకబెట్టి తినమని, బూట్లు వేసుకోమని రాశాం. ఏప్రిల్‌లో ఊరికి పట్టుకుపోయి పంచాయతీ ఆఫీసు ముందు అంటించాం.

మా అమ్మకు చదివి వినిపించాను. అన్నీ విని, బూట్ల దగ్గర పకపకా నవ్వింది. "బూట్లేసుకొని నాటేస్తరార? అడుగు దిగితె మళ్ళ పైకొస్తదా? నువ్వెప్పుడన్న నాటేసినవా?" అంది. నేను నాగలి పట్టాను, మోటారు వేశాను, నాటు మాత్రం వెయ్యలేదు. అది ఆడవాళ్ళ పని. కాగితం రాసిన ఆరుగురిలో ఎవరూ వెయ్యలేదు. ప్రమాణాలు రాసినవాళ్ళ సంగతి నాకు తెలియదు గానీ, బురద లోతు ఎంతో అమ్మకు తెలుసు.

మరి అమ్మకు ఏం దారి? ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పేరుతో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్రలు వేస్తారు. 2015 నుంచి జరుగుతున్న మంచి కార్యక్రమం. ఒకటి నుంచి పంతొమ్మిదేళ్ళ వాళ్ళకు. మా చెల్లెలు మింగింది. మడిలో దిగే మా అమ్మ వయసు ఆ లెక్కలోకి రాదు. ఏఎన్‌ఎం గారిని కలిసి అడిగాం. పెద్దవాళ్ళు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకు చూపించుకుని, రక్తపరీక్ష చేయించుకుని వాడవచ్చన్నారు. మే నెలలో మా వాడకట్టు నుంచి పద్నాలుగు మంది నాటు కూలీలు, అందులో మా అమ్మ, ఆటో మాట్లాడుకుని పోయి చూపించుకున్నారు. సంఘం వార్షిక నివేదికలో ఈ ఆటో లేదు. మార్చికే నివేదిక అచ్చయిపోయింది. ఏడాది కార్యక్రమాల్లో నాకు లెక్కలోకి వచ్చేది మాత్రం ఇదే.

మిత్రులారా, నదిని బాగుచేయడం మన చేతుల్లో ఉన్న పని కాదు. 1974లో నీటి కాలుష్య చట్టం వచ్చింది, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది, 2017లో మూసీ తీరం అభివృద్ధికి ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడింది. పెద్ద పనులు పెద్దవాళ్ళు చేయాలి, చేసేదాకా అడగాలి. కానీ మన కాలేజీలో బ్యూరెట్టులున్నాయి, వృక్షశాస్త్రం వాళ్ళున్నారు, సూక్ష్మజీవశాస్త్రం వాళ్ళున్నారు. నాయిన వేసిన బాకీ ఒకటి మిగిలి ఉంది: వడ్లు పరీక్ష చేసి మాట్లాడమన్నాడు. బురద మట్టి, గడ్డి, గింజ, మూడూ చూడాలి. వానాకాలం నాట్లప్పుడు ఒకసారి, కోతలప్పుడు ఒకసారి శాంపిళ్ళు పట్టాలని అనుకుంటున్నాం. ఇంగ్లీషులో ఎంత పెద్ద రిపోర్టయినా రాసుకోవచ్చు, కానీ తెలుగు కాగితం ముందు తయారవ్వాలి, ఈసారి దాన్ని రాసేటప్పుడు నాటు వేసేవాళ్ళలో ఒకరైనా పక్కన కూర్చోవాలి.

జూన్ చివరి ఆదివారం బయలుదేరుతున్నాం. రాదలచినవారు కెమిస్ట్రీ బ్లాకులో నన్ను కలవండి. సీసాలు సంఘానివి. బస్సు చార్జీ ఎవరిది వారిది. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. మా వడ్ల అన్నమే.